అయోవాలో ఒక్క గది

షాలినికి ఇంగ్లీషు వచ్చు. ఆ సంగతి ఆళ్లగడ్డలో అందరికీ తెలుసు, తెలియనివాళ్లు ఎవరైనా మిగిలితే ఆమే తెలియజేస్తుంది. రోజూ పొద్దున ఏడుంపావుకు చాగలమర్రి వైపు నుంచి వచ్చే బస్సెక్కి నంద్యాలకు పోయి, అక్కడొక ప్రైవేటు బడిలో ఎనిమిది, తొమ్మిది తరగతులకు ఇంగ్లీషు చెబుతుంది. చర్చి సంఘంలో ఎవరింటికి ఇంగ్లీషు కాగితం వచ్చినా ముందు ఆమె చేతికే తెస్తారు. ఆమె మొగుడు యోహాను కరెంటు లైన్‌మన్. పెళ్లాన్ని ఇంకే విషయంలోనూ మెచ్చుకోని మనిషి, ఈ ఒక్క విషయంలో మాత్రం నలుగురిలో గొప్పగా చెప్పుకుంటాడు.

ఆ ఇంగ్లీషుతో ఆమె చేసిన పని అర్థం కావాలంటే ముందు ఆమె పెళ్లి గురించి చెప్పాలి.

తొమ్మిదేళ్ల కిందట ఒకే రోజు, ఒకే చర్చిలో, ఒకే ప్రార్థనతో రెండు పెళ్లిళ్లు జరిగాయి. నంద్యాల పిల్ల షాలినిని ఆళ్లగడ్డ యోహానుకు ఇచ్చారు. యోహాను చెల్లెలు దెబోరాను షాలిని తమ్ముడు తిమోతికి ఇచ్చారు. దీన్ని కుండమార్పిడి అంటారు. ఇచ్చిపుచ్చుకోవడాల తకరారు ఉండదు, మన పిల్ల వాళ్లింట్లో ఉంది కాబట్టి వాళ్ల పిల్లను మనం బాగా చూసుకుంటాం, అందరికీ మంచిదని సంఘపెద్ద ఏసయ్య బలిపీఠం దగ్గర నిలబడి చెప్పాడు. ఆయన చెప్పని సగం ఇంకొకటుంది. వాళ్ల పిల్లను మనం బాగా చూసుకోకపోతే మన పిల్ల మన గడపకు వస్తుంది. ఈ సగాన్ని ఏ పెళ్లిలోనూ ఎవరూ నోటితో అనరు.

తిమోతి మాట మెత్తన, చెయ్యి కాదు. షాలినికి ఇది పెళ్లికి ముందే తెలుసు. చిన్నప్పుడు గాజులు పగిలి మణికట్టులో దిగేదాకా ఆమె చెయ్యి మెలితిప్పినవాడు వాడు. మగపిల్లోడు, పోనియ్యి అని తల్లి అంటే ఆమె పోనిచ్చింది. ఆ మాట దెబోరాకు ఎన్నడూ చెప్పలేదు.

నాలుగేళ్ల కిందట ఒకసారి తిమోతి చెంప పగలగొడితే దెబోరా కట్టుబట్టలతో ఆళ్లగడ్డకు వచ్చేసింది. యోహాను చెల్లెలి మొహం చూశాడు, భోజనం దగ్గర నుంచి లేచాడు, సంచి సర్దుకోమని షాలినితో చెప్పాడు. కేకలు వేయలేదు. బండి మీద నంద్యాలకు తీసుకుపోయి వాళ్లమ్మ గడప ముందు దించి, తిరిగి చూడకుండా వెళ్లిపోయాడు. మూడేళ్ల కూతురు చందనను మాత్రం ఇంట్లోనే ఉంచుకున్నాడు. పిల్ల తండ్రి ఇంటిది, దాని సంగతి మాట్లాడాల్సిన పనే లేదు.

నలభై ఒక్క రోజులు. ఆ లెక్క షాలిని మర్చిపోలేదు. ఏసయ్య అటూ ఇటూ తిరిగి, తిమోతి చేత క్షమాపణ చెప్పించి, చివరికి నంద్యాల బస్టాండులో ఇద్దరు ఆడవాళ్లనూ ఎదురెదురుగా నిలబెట్టి ఎవరింటికి వాళ్లను పంపాడు. అప్పుడు దెబోరా ఆమె చెయ్యి పట్టుకుని, "నావల్ల నీకు ఇట్లయింది వదినా. ఇంకోసారి నిన్ను అడక్కుండా ఏం చెయ్యను" అంది. షాలిని ఆ మాట సరిగ్గా వినలేదు. ఆమె ధ్యాసంతా ఇంటి మీద ఉంది. ఇల్లు చేరి చెయ్యి చాస్తే చందన నాయనమ్మ కొంగు వెనక దాక్కుంది. ఎవరో అని భయపడింది. ఆ రాత్రి షాలిని ఒక ఒట్టు పెట్టుకుంది. ఇంకోసారి ఈ ఇంట్లోనుంచి పిల్ల లేకుండా కదిలేది లేదు, దానికోసం ఎవరేమైనా సరే.

తర్వాత తిమోతికి అమెరికాలో అయోవా అనే రాష్ట్రంలో ఉద్యోగం వచ్చింది. దెబోరాను వెంట తీసుకుపోయాడు. అంత దూరం పోతే అంతా సర్దుకుంటుందని అందరూ అనుకున్నారు. దూరం పోతే సర్దుకునేవి ఏమిటో నాకైతే తెలియదు. ఇక్కడ కొడితే గోడవతల నలుగురికి వినబడేది, అక్కడ మంచు తప్ప ఏమీ లేదు. షాలిని తల్లి చనిపోయింది, నంద్యాల ఇల్లు అమ్మేశారు, తండ్రి బనగానపల్లెలో తన చెల్లెలి ఇంట్లో ఒక మూల మంచం వేసుకున్నాడు. అంటే ఇప్పుడు షాలినిని దించడానికి ఒక గడప కూడా లేదు.

దెబోరా అయోవా నుంచి అప్పుడప్పుడు ఫోటోలు పంపేది. ఒక చర్చి కింద నేలమాళిగలో వలస వచ్చినవాళ్లకు సాయం చేసే కేంద్రం ఒకటుంది. బర్మా నుంచి, కాంగో నుంచి యుద్ధాలకు తప్పించుకుని వచ్చినవాళ్లకు అక్కడ చలికోట్లు, వంటగిన్నెలు, మంచాలు ఇస్తారు. బస్సెక్కడం నేర్పిస్తారు, పిల్లల్ని బడిలో చేర్పిస్తారు. వారానికి రెండు రోజులు ఇంగ్లీషు క్లాసు. దెబోరా శరణార్థి కాకపోయినా ఆ క్లాసులో కూర్చోనిచ్చారు. ఇంటర్ తప్పిన పిల్ల, బర్మా ఆడవాళ్ల మధ్య పలక పట్టుకున్నట్టు నోటుపుస్తకం పట్టుకుని నవ్వుతూ ఫోటో దిగింది. కింద ఇంగ్లీషులో ఒక వాక్యం రాసి పంపితే, షాలిని అందులో మూడు తప్పులు దిద్ది తిప్పి పంపింది. ఆ తర్వాత దెబోరా ఇంగ్లీషులో రాయడం మానేసింది.

జనవరిలో ఒక బుధవారం పొద్దున ఏడు గంటలకు ఆళ్లగడ్డ బస్టాండులో షాలిని బస్సు కోసం నిలబడి ఉండగా అమెరికా నంబరు నుంచి ఫోను వచ్చింది. అక్కడ మంగళవారం సాయంత్రం. ఎవరో ఆడమనిషి, పేరు రూత్ అంది. ఆ కేంద్రంలో పనిచేస్తుందట. దెబోరా తన పక్కనే ఉందని, సాయంత్రం క్లాసుకు వచ్చి ఇంటికి పోనంటోందని చెప్పింది. ఇలాంటి విషయాలకు సొంతవాళ్లను తర్జుమా చేసి చెప్పమని అడగకూడదు, కానీ వాళ్లకు ఫోనులో దొరికే తెలుగు మనిషి ఈ సాయంత్రం దొరకలేదు, దెబోరా మీ పేరే పట్టుబట్టి చెప్పింది అంది. మీరు ఆమె అన్న భార్యే కదా అని అడిగింది. అవునంది షాలిని. అది నిజమే. దెబోరా మొగుడికి తను అక్కనని మాత్రం చెప్పలేదు, రూత్ అడగలేదు.

రూత్ నిదానంగా, విడివిడిగా మాట్లాడింది. కేంద్రానికి ఒక ఇల్లుంది. ఇంట్లో ఉండలేని ఆడవాళ్లకు అందులో గదులిస్తారు. ఈరోజుకు ఒక్క గదే ఖాళీ. కాంగో నుంచి వచ్చిన ఒకామె ఇద్దరు పిల్లలతో మధ్యాహ్నం నుంచి పక్క గదిలో కూర్చుని ఉంది. ఎవరికి ప్రాణభయం ఎక్కువో వాళ్లకే గది. అందుకని కొన్ని ప్రశ్నలు అడుగుతాను, ఆమె ఏం చెబితే అదే చెప్పండి, కలపొద్దు, తీయొద్దు అంది.

మొదటి ప్రశ్న, ఎప్పుడైనా కొట్టాడా. దెబోరా గొంతు స్పీకరులోంచి వచ్చింది. కొడతాడని, చెంపల మీద, వీపు మీద కొడతాడని చెప్పింది. షాలిని ఇంగ్లీషులో చెంప మీద కొట్టాడని చెప్పింది, వీపు వదిలేసింది. అంతవరకూ పెద్ద అబద్ధమేమీ కాదని తనకు తాను సర్దిచెప్పుకుంది.

రెండో ప్రశ్నకు ముందు రూత్ ఒక మాట చెప్పింది. ఎప్పుడైనా గొంతు పట్టుకున్నాడా అన్నది అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. పదకొండేళ్లుగా ఈ పని చేస్తున్నాను, ఒకసారి గొంతు పట్టినవాడు మళ్లీ పడతాడు, రెండోసారి చాలామంది బతకలేదు. అవునంటే ఈ పూటే పోలీసుల్ని పిలుస్తాను, గది ఆమెకే ఇస్తాను అంది.

షాలిని తెలుగులో అడిగింది. దెబోరా మొదలుపెట్టింది.

"శనివారం వదినా. గొంతు పట్టుకోని గోడకు అదిమిపెట్టినాడు. కండ్లు చీకట్లు కమ్మె. ఊపిరి ఆడలే. నిలబడిండేకాడనే ఉచ్చ పోసుకుంటి. అది చూసి ఇడిసిపెట్టినాడు. తుడువు అన్యాడు."

బస్టాండులో చాగలమర్రి బస్సు వచ్చి ఆగింది. కండక్టరు ఆమె వైపు చూశాడు, రోజూ ఎక్కే టీచరమ్మ ఎందుకెక్కడం లేదో అని. ఆమె కదల్లేదు. ఆమెకు కనబడుతున్నది అయోవా గోడ కాదు. అయోవాలో పోలీసులు తిమోతిని తీసుకుపోతారు. మధ్యాహ్నానికి ఆళ్లగడ్డలో కబురు తెలుస్తుంది. సాయంత్రం యోహాను స్తంభం దిగి ఇంటికొచ్చి కేకలు వేయకుండా సంచి సర్దుకోమంటాడు. చందనకు ఇప్పుడు ఏడేళ్లు, ఈసారి ఎవరో అని భయపడదు, ఏడుస్తుంది, అంతే తేడా. జాలి కూడా కలిగింది, అబద్ధం ఎందుకు, కలిగింది. భయం దాన్ని పక్కకు నెట్టేసింది.

లేదట, గొంతు ఎప్పుడూ పట్టుకోలేదట అని రూత్‌తో చెప్పింది. చక్కటి ఇంగ్లీషులో, వ్యాకరణం తప్పకుండా చెప్పింది. అతను మంచివాడేనట, పని ఒత్తిడి ఎక్కువట, ఆమెకు పుట్టిల్లు గుర్తొచ్చి దిగులుగా ఉందట, ఇంటికి పోయి భర్తతో మాట్లాడుకుంటుందట.

ఆమె అంతసేపు మాట్లాడింది, మీరు ఇంతే చెప్పారే అంది రూత్. మా భాషలో మాటలెక్కువ అంది షాలిని.

అప్పుడు రూత్ నేరుగా దెబోరాను అడిగింది, నీ వదిన చెప్పింది నిజమేనా అని. "యెస్. వాట్ మై సిస్టర్ సే" అని దెబోరా గొంతు వినబడింది. పాపం, అర్థం కాక తలూపిందని షాలిని అనుకుంది. ఆ వాక్యంలో తప్పు కూడా ఆమె చెవికి తగిలింది.

రూత్ నిట్టూర్చి, అయితే గది కాంగో ఆమెకు ఇస్తాను, దెబోరాను నేనే కారులో ఇంటి దగ్గర దించుతాను, ఎప్పుడు అవసరమైనా ఫోను చేయమని చెప్పండి అంది. షాలిని తెలుగులోకి మార్చింది.

"గది ల్యాదంట దెబోరా. వేరేవాళ్లకు ఇచ్చేసినారంట. ఇంటికి పోయి తిమోతితో నిదానంగా మాట్లాడుకోమంటాండారు."

"గది ల్యాదంటనా?"

"ల్యాదంట."

ఫోను తెగిపోయిందేమో అని షాలిని చెవి నుంచి తీసి చూసుకుంది.

"చందన లేసిందా వదినా?"

"లేసింది. బడికి తయారైతాంది."

"జడలు నువ్వేనా ఏసేది?"

"నేనే."

"సరే" అంది దెబోరా. ఫోను పెట్టేసింది.

షాలిని తర్వాతి బస్సులో నంద్యాల పోయింది. ఆలస్యంగా వచ్చినందుకు హెడ్‌మాస్టరు దగ్గర సంతకం పెట్టి తొమ్మిదో తరగతికి పాఠం చెప్పింది. బాగానే చెప్పింది. మనిషి ఎంత పని చేసికూడా బాగానే పాఠం చెప్పగలదు.

అక్కడితో ఊరుకుని ఉంటే ఏమయ్యేదో. ఊరుకోలేదు. సాయంత్రం తమ్ముడికి ఫోను చేసింది. అక్కగా నాలుగు మాటలు చెప్పడం తన బాధ్యత అనుకుంది. ఇంటి సంగతి బయటికి పోతోంది, ఆ పిల్ల ఏదో కేంద్రానికి పోయి చెప్పుకుంటోంది, ఈసారికి తను సర్దింది, ఇకనుంచైనా చెయ్యి అదుపులో పెట్టుకోమని చెప్పింది. మన వైపు పెద్దవాళ్లంతా చేసే పనే ఇది. కొట్టినవాడి చెవిలో కొట్టించుకున్నదాని ఆచూకీ వేసి, ఆ పనికి బుద్ధి చెప్పడమని పేరు పెట్టుకుంటారు.

తిమోతి ఓపిగ్గా విన్నాడు. "సరే అక్కా" అన్నాడు మెత్తగా. "నేను చూసుకుంటా."

ఆ ఆదివారం చర్చిలో, అమెరికాలో ఉన్న మరదలి కోసం ప్రార్థన చేయమని షాలిని చీటీ ఇచ్చింది. ఏసయ్య చదివాడు. అందరూ ఆమెన్ అన్నారు.

పదకొండు రోజులకు రూత్ మళ్లీ ఫోను చేసింది. ఆదివారం పొద్దున, యోహాను ఇంట్లోనే ఉన్నాడు, ముందు గదిలో మంచం మీద కూర్చుని బూట్లకున్న మట్టి గీకుతున్నాడు. అమెరికా నంబరు చూసి స్పీకరు పెట్టమన్నాడు. రూత్ గొంతు పోయినసారిలా నిదానంగా లేదు. పక్కింటివాళ్లు అరుపు విని, తర్వాత అరుపు ఆగిపోవడం విని పోలీసుల్ని పిలిచారు. దెబోరా ఆసుపత్రిలో ఉంది. గొంతులో ఎముక విరిగింది. ప్రాణానికి భయం లేదు, మాట మాత్రం మునుపటిలా రాదంటున్నారు. తిమోతి జైల్లో ఉన్నాడు.

ఏందీ, ఏమంటాంది అని యోహాను అడుగుతూనే ఉన్నాడు. షాలిని తెలుగులో చెప్పింది. ఈసారి ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట తీయలేదు.

యోహాను బూటు కింద పెట్టాడు. గోడ వైపు తిరిగి, భుజాలు కదులుతుండగా ఏడ్చాడు. ఇరవై ఏళ్లు స్తంభాల మీద బతికిన మనిషి, ఏడవడం అలవాటు లేక దగ్గినట్టు ఏడ్చాడు. ఆ రోజు షాలినిని ఏమీ అనలేదు. మరుసటి వారమంతా ఏమీ అనలేదు. పనికి పోయాడు, వచ్చాడు, పెట్టింది తిన్నాడు. ఏమీ అనడేమో, గండం గడిచిందేమో అని ఆమెకు ఆశ పుట్టింది.

ఫిబ్రవరి మొదటి వారంలో దెబోరా తిరిగొస్తుందని తెలిసింది. ఇప్పుడు గది ఇస్తామని కేంద్రంవాళ్లు బతిమాలారట, వద్దందట. ఆ పొద్దు యోహాను అన్నం తిని చెయ్యి కడుక్కుని చెప్పాడు.

"బుధవారం తెల్లారి దెబోరా నంద్యాలలో దిగుతాది. నువ్వు సంచి సర్దుకో."

"నేనేం చేసినా?"

"నువ్వు చేసినావని నేనన్లే. మీ తమ్ముడు చేసినాడు. నా చెల్లెలు మా ఇంటికొస్తాంది, నువ్వు మీ ఇంటికి పోవల్ల. అంతే."

"నాకు ఇల్లు యాడుంది?"

"మీ నాయన ఉండాడు గదా బనగానపల్లెలో."

"చందనను నాతో పంపు."

"పిల్ల ఈ ఇంటిది" అన్నాడు యోహాను. కోపంగా కూడా అనలేదు.

ఆమె ఏసయ్య ఇంటికి పరుగెత్తింది. ముసలాయన తలుపు దగ్గరే నిలబెట్టి మాట్లాడాడు. "పోయినసారి చెంపదెబ్బ గనక అడ్డం పడితిమి అమ్మా. ఈసారి యా మొగం పెట్టుకోని అడగల్ల?" అన్నాడు. ప్రార్థన మాత్రం చేస్తానన్నాడు.

బుధవారం పొద్దున నంద్యాల బస్టాండులో ఎప్పటిలాగే జనం ఉన్నారు. యోహాను బండి మీద ముందు చందన, వెనక సంచితో షాలిని వచ్చారు. పిల్లను తనతో పంపడానికే తెచ్చాడేమో అని ఆమె దారంతా ఆశపడింది. అత్తను చూడాలని చందన మారాం చేసిందట, అందుకని తెచ్చాడు.

హైదరాబాదు బస్సులోంచి దెబోరా దిగింది. చిక్కిపోయింది. మెడకు నీలం ఉన్నిగుడ్డ చుట్టుకుని ఉంది, కేంద్రంలో ఎవరో ముసలామె అల్లి ఇచ్చిందట. ఫిబ్రవరి ఎండలోనూ అది తీయలేదు. యోహాను చెల్లెలి తల మీద చెయ్యి పెట్టి, ఆమె పెట్టె దింపడానికి బస్సు వెనక్కి పోయాడు.

ఇద్దరు ఆడవాళ్లూ నాలుగేళ్ల కిందట నిలబడినచోటే నిలబడ్డారు. చందన మధ్యలో నిలబడి మేనత్త మెడలోని గుడ్డను తాకి చూస్తోంది. షాలిని ఏడుస్తూ, తన చేతిలో ఏముంది, తనకెలా తెలుస్తుంది అని ఏదో మొదలుపెట్టింది. దెబోరా చెయ్యెత్తి ఆపింది. ఆమె గొంతు గరగరమంటూ, గాలి ఎక్కువ మాట తక్కువగా బయటికొచ్చింది. షాలిని వంగి వినాల్సి వచ్చింది.

"నాకు ఇంగ్లీషు వచ్చు వదినా. రెండేండ్లు నేర్చుకుంటి. ఆ పొద్దు ఆయమ్మ చెప్పింది, నువ్వు చెప్పింది, అంతా అర్థమాయ."

షాలిని సంచి కింద పెట్టింది. "మల్ల నాకెందుకు ఫోను చేపిస్తివి?"

"నిన్ను అడుగుదామని. నేను బయటికొస్తే నువ్వు పోతావ్ గదా. నిన్ను అడక్కుండా ఏం చెయ్యనని ఈడనే చెప్పింటి." దెబోరా ఊపిరి కోసం ఆగింది. "నా కోసం ఓర్చుకోమని చెప్పింటే ఓర్చుకునింటి. చందన కోసం ఓర్చుకునింటి. గది ల్యాదని చెప్తివే."

అటువైపు యోహాను పెట్టె భుజానికెత్తుకుని వస్తున్నాడు. షాలిని అతని వైపు చూసింది. ఈ సమయంలో కూడా ఆమెకు ముందు వచ్చిన ఆలోచన అదే.

"మీ అన్నకు చెప్పినావా?"

దెబోరా తల అడ్డంగా ఊపింది. వంగి, చందన జడలో ఊడిపోతున్న రిబ్బను ముడి బిగించి, పిల్ల చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"మా అన్నకు చెప్పను" అంది. "చందనకు చెప్తా. పెద్దదయినాక."

బనగానపల్లె బస్సు కండక్టరు ఇంకెవరైనా ఉన్నారా అని కేకేశాడు. యోహాను షాలిని సంచి అందుకుని ఆమె కన్నా ముందే బస్సెక్కించి, కిటికీ పక్క సీటులో పెట్టి దిగిపోయాడు.